గంజాయి వనంలో తులసి మొక్క

సామెతలు వాడటంలో మన ఆడవాళ్ళ తర్వాతే ఎవరైనా. పప్పులో ఉప్పు మర్చిపోతామేమో గాని, మాటలో సామెత మర్చిపోం. అయితే ఒక్క సంగతి గమనించారా? మనం అనే సామెతల్లో సగం మనం చూడని వస్తువుల గురించే. "ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే" అంటాం. ఏనుగుని బేరమాడినవాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి? అలాగే "తులసివనంలో గంజాయి మొక్క" అంటాం. తులసి సంగతి సరే, పెరట్లో వుంది. గంజాయి మొక్క ఎలా వుంటుందో మాత్రం నాకు అరవయ్యొక్కేళ్ళ వయసు వచ్చేదాకా తెలియదు. తెలియకుండానే ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

మా పుట్టింట్లో ఆ సామెతని మా తమ్ముడి పేర రిజిస్టరు చేసేశారు. నాన్నగారు తెనాలిలో హైస్కూలు హెడ్మాస్టరు. అన్నయ్య ఇంజనీరు, చెల్లెలు బ్యాంకు ఉద్యోగం, నేను బి.ఏ. వాడొక్కడే ఇంటర్మీడియేట్ మూడుసార్లు తప్పి మైకుసెట్ల షాపులో చేరాడు. ఇంటికి ఎవరొచ్చినా నాన్నగారు మమ్మల్ని వరసగా చూపించి, వాడి దగ్గరికి వచ్చేసరికి "తులసివనంలో..." అని ఆగిపోయేవారు. మిగతాది వచ్చినవాళ్ళే నవ్వుతూ పూర్తిచేసేవారు. చెప్పొద్దూ, వాడు గంజాయి మాట అటుంచి బీడీ కూడా ముట్టి ఎరగడు.

సరే, వాడి సంగతి తర్వాత. 2023 అక్టోబరులో నేను మా పెద్దమ్మాయి దగ్గరికి టొరంటో వెళ్ళాను. అల్లుడిది వరంగల్లు. లెక్కలు చూసే ఉద్యోగం. మాట మెత్తన, మనిషి నెమ్మది. ఆరేళ్ళ మనవరాలు. ఆరునెలలు వుండి రమ్మని అమ్మాయి బలవంతం. సరేనని రెండు పెట్టెల నిండా గోంగూర పచ్చడి, కందిపొడి, వడియాలు సర్దుకుని బయల్దేరాను.

వెళ్ళిన పదిరోజులకి కాబోలు, పాత దుప్పట్ల కోసం ఇంటి కింది అంతస్తుకి దిగాను. అక్కడ మెట్ల కింద ఒక చిన్న గది వుంది. తలుపు సందులోంచి పెళ్ళిపందిట్లోలా తెల్లని వెలుగు. లైటు ఆర్పడం మర్చిపోయారు, పాపం కరెంటు దండగ అని తలుపు తీశాను. తీద్దును కదా, లోపల రెండు బియ్యం సంచులు. సంచుల్లో మట్టి. మట్టిలో జానెడు, జానెడున్నర ఎత్తున రెండు మొక్కలు. అయిదు వేళ్ళు విప్పిన చెయ్యిలాంటి ఆకులు, అంచులకి రంపపు పళ్ళు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయనుకోండి. అత్తగారు వస్తున్నారని, చలిదేశంలో, దీపం పెట్టి మరీ గోంగూర పెంచుతున్నాడు బంగారుతండ్రి!

లేతాకు ఒకటి గిల్లబోతున్నాను. వెనకనుంచి "అత్తయ్యగారూ!" అని ఒక్క కేక. అల్లుడు ఎప్పుడూ అంత గొంతు ఎత్తడం వినలేదు.

"అది గోంగూర కాదండీ."

"మీవైపు పుంటికూర అంటారు కదా బాబూ, అదేనా?"

"పుంటికూరా కాదండీ," అని కాస్సేపు గుటకలు మింగి, ఎవరికో ప్రాణంమీదికొచ్చిన జబ్బు పేరు చెప్పినంత మెల్లిగా, "గంజాయండీ" అన్నాడు.

నేను మెట్టుమీద కూర్చుండిపోయాను.

మీరు నవ్వకండి. నా పొరపాటుకి పెద్దవాళ్ళ తోడుంది. గోగుమొక్కకి వృక్షశాస్త్రంలో పేరు "హైబిస్కస్ కన్నాబినస్". గంజాయికి 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు "కన్నాబిస్ సటైవా". ఆకు గంజాయిని పోలి వుంటుందనే గోగుకి ఆ "కన్నాబినస్" తగిలించారు. మన గోగునార, గోంగూర ఇచ్చే ఆ మొక్క పేరులోనే గంజాయి వుందన్నమాట. ఇన్నేళ్ళు పప్పులో వేసుకుతిన్నాం, ఎవరైనా చెప్పారా?

కొడుకైతే ఆ క్షణాన్నే చెవి మెలేసేదాన్ని. అల్లుడైపోయాడు. ఏమనగలను? రాత్రిదాకా నోరు కట్టుకుని, పిల్ల నిద్రపోయాక అమ్మాయిని నిలదీశాను. అది తాపీగా గిన్నెలు సర్దుకుంటూ చెప్పింది. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి నేరం కాదట. ఇంటికి నాలుగు మొక్కలదాకా పెంచుకోవచ్చునట. మనిషికి కాదు, ఇంటికి. క్యూబెక్ రాష్ట్రంలో మాత్రం ఇంట్లో పెంచనివ్వరు. వీళ్ళుండే ఆంటారియోలో పందొమ్మిదేళ్ళు నిండినవాళ్ళకే అనుమతి. దేశం సరిహద్దు దాటించి తీసుకెళ్ళడం మాత్రం నేరమే. ఆ మాట వినగానే నా పెట్టెలు గుర్తొచ్చి గుండె గుభేలుమంది.

"అయినా అమ్మా, మొన్న ఫ్రిజ్‌లో బీరుసీసాలు చూశావు. ఏమీ అనకుండా పాలగిన్నె ఇటు జరుపుకున్నావు. ఇదీ అంతే. శనివారం పూట ఎప్పుడో ఒకసారి," అంది.

"అదీ మంచిది కాదు, ఇదీ మంచిది కాదు" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఒంటికి మంచిదైపోదు. ఎదిగే వయసు పిల్లల మెదడుకి చెరుపు అనీ, కడుపుతో వున్నవాళ్ళు దాని జోలికి పోకూడదనీ, కొందరికి వదలని అలవాటైపోతుందనీ అక్కడి ప్రభుత్వమే చెబుతోంది. పైగా ఇంట్లో ఆరేళ్ళ పసిది. నాలాగే అదీ గోంగూరనుకుంటే? అందుకని ఒకే ఒక్క షరతు పెట్టాను. ఆ గదికి తాళం వెయ్యాలి. మర్నాడే అల్లుడు తాళం తెచ్చాడు. చెవి ఒకటి అతని దగ్గర, రెండోది నా దగ్గర. హెడ్మాస్టరుగారి కూతురు, ముగ్గురు పిల్లల తల్లి, గంజాయితోటకి కావలిదయింది!

తాళంచెవి బొడ్లో దోపుకున్నాక ఇక మొక్కమీద ఆసక్తి పుట్టకుండా వుంటుందా? అల్లుడికీ అది మొట్టమొదటి మొక్క. వాళ్ళ తాతలు పత్తి, వరి వేసినవాళ్ళు. తాను పుట్టి బుద్ధెరిగాక ఒక్క చెట్టు పెంచలేదని, ఆఫీసులో అందరూ వేస్తుంటే సరదాపడ్డాననీ చెప్పాడు. అందరూ వేలు పోసి డేరాలూ యంత్రాలూ కొన్నారట. ఇతను 200 డాలర్లకి మించకూడదని గీత గీసుకుని ఒక నోటుపుస్తకంలో పద్దులు రాస్తున్నాడు. అది చూశాక సగం కోపం పోయింది నాకు. వ్యసనపరుడు ఎక్కడైనా పద్దు రాస్తాడా?

డేరాకి బదులు మెట్ల కింది గది. దాని గోడలకి, ఇంటికి వేయగా మిగిలిన తెల్లరంగు. వెలుగు గోడలకి తగిలి మళ్ళీ మొక్కమీదే పడుతుందిట. కుండీలకి బదులు బాస్మతి బియ్యం గుడ్డసంచులు. అందులోంచి వేళ్ళకి గాలి ఆడుతుంది. మొలకెత్తించడానికి తడిపిన కాగితం రుమాలులో మడిచిపెట్టడం, అచ్చం మనం పెసలు కట్టిపెట్టినట్టే. ఒక చిన్న ఫ్యాను. గాలికి ఊగితేనే కాడ గట్టిపడుతుందిట. పిల్లలూ అంతే కదా! డబ్బు పెట్టింది ఒక్క దీపానికే. వంద వాట్ల ఎల్.ఇ.డి. దీపం, దానికదే వెలిగి ఆరే గడియారం. ఆకు పెరిగేన్నాళ్ళు రోజుకి పద్దెనిమిది గంటలు వెలగాలి. అంటే 1.8 యూనిట్లు. మన ఇస్త్రీపెట్టె రెండుగంటలు వాడినంత కూడా కాదు.

కొత్తగా పెంచేవాళ్ళందరూ చేసే తప్పే అతనూ చేశాడు, ప్రేమకొద్దీ నీళ్ళు పోసెయ్యడం. ఆకులు వేలాడుతున్నాయని ఇంకా పోశాడు. మట్టిమీద నుసుములాంటి ఈగలు మూగాయి. అతను ఈగలమందు కొనడానికి మళ్ళీ పద్దు చూసుకుంటుంటే నాకు ఆగలేదు.

"బాబూ, నీళ్ళు మానెయ్యండి. పై మట్టి ఎండనివ్వండి. రోజూ సంచి కొంచెం ఎత్తి చూడండి. తేలిగ్గా అనిపించిననాడే పొయ్యండి."

వారం తిరిగేసరికి ఈగలు పోయాయి, ఆకులు లేచాయి. అల్లుడు నోటుపుస్తకంలో "అత్తయ్యగారి సలహా, ఖర్చు సున్న" అని రాసుకున్నాడు.

ఈలోగా పైన నా తులసి ప్రాణంమీదికొచ్చింది. అమ్మాయి ఎండాకాలమంతా పెరట్లో పెంచిన తులసిని చలికి భయపడి లోపలికి తెచ్చి కిటికీ దగ్గర పెట్టింది. డిసెంబరులో టొరంటోలో పగలు తొమ్మిది గంటలే. ఆ ఎండయినా ఎండలా వుండదు, పలచని మజ్జిగలా వుంటుంది. కిటికీ అద్దం మంచుగడ్డ. రోజుకో గుప్పెడు ఆకులు రాలి చివరికి నాలుగు పుల్లలూ ఏడెనిమిది ఆకులూ మిగిలాయి. ఇంటి ఇలవేల్పు కళ్ళముందే పోతుంటే ఆడదానికి ఎలా వుంటుందో మీకు చెప్పక్కర్లేదు. అల్లుడు కాసేపు తటపటాయించి అన్నాడు: "అత్తయ్యగారూ, మీరేమీ అనుకోకపోతే... కింద చోటుందండీ."

ఒక రాత్రంతా ఆలోచించాను. శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు. చచ్చిపోతున్నదాన్ని బతికించే దీపం ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్ళాలనే మాత్రం తోచింది. తెల్లారాక తులసికుండీ ఎత్తుకుని వెళ్ళి గంజాయి మొక్కల మధ్య పెట్టాను.

అప్పటికి దీపం వేళ మారింది. పొద్దున ఏడింటికి వెలిగి సాయంత్రం ఏడింటికి ఆరిపోతుంది. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి అయితేనే గంజాయి మొగ్గ తొడుగుతుంది. మన చామంతి చలికాలంలోనే ఎందుకు పూస్తుందో తెలుసా? అదీ ఇందుకే, పగలు తగ్గి రాత్రి పెరిగిందని తెలుసుకుని పూస్తుంది. ఆ చీకటి మధ్యలో వెలుగు పడకూడదు. ఆ సంగతి తెలియక ఒకరోజు ఆలస్యమై రాత్రి ఎనిమిదింటికి తులసికి దీపం పట్టుకుని తలుపు తీశాను. అల్లుడు మెట్లమీంచి పరుగెత్తుకొచ్చి, చెయ్యి పట్టుకోలేక, నోట మాటరాక, "అత్తయ్యగారూ, దీపం... దీపం..." అన్నాడు. సంధ్యాదీపం పెట్టకూడని తులసిని ఆ ఇంట్లోనే చూశాను.

అందుకని పూజ పొద్దుటికి మార్చాను. ఏడింటికి తాళం తీసి, నీళ్ళు పోసి, అగరొత్తి చూపేదాన్ని. ప్రదక్షిణం చెయ్యడానికి చోటు లేదు. నిలబడ్డచోటే నా చుట్టూ నేను తిరిగేదాన్ని. పొగ తులసికే పట్టాలంటే పడుతుందా? పక్కవాటికీ పట్టేది. నమస్కారంలోనూ సగం అటు పోయేది. పోనీలే అనుకున్నాను. ఆయుర్వేదంలో దాని పేరు "విజయ". శివరాత్రికి కాశీలో దాని ఆకే భంగు. అదీ మరీ చండాలపు పుట్టుకేమీ కాదు.

ఇంకో వారానికి అల్లుడు భూతద్దం పట్టుకుని మొక్కల గణుపులు వెతకడం మొదలుపెట్టాడు. ఏమిటంటే, వీటిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. ఆడదయితే గణుపు దగ్గర రెండు తెల్లని వెంట్రుకలు వస్తాయి, మగదయితే చిన్నచిన్న గుండ్లు. ఆడవి మాత్రమే మొలిచే విత్తనాలు అమ్ముతారట గాని ధర ఎక్కువ. పొదుపుకోసం ఇతను మామూలువే తెచ్చాడు. రెంటిలో ఒకటి మగదని తేలింది. దాని పుప్పొడి పడితే ఆడమొక్క పువ్వంతా గింజలైపోతుందని, వెంటనే పీకి పారేశాడు. ఇది కొత్తవిద్య కాదు. బ్రిటిషువాళ్ళు 1893-94లో వేసిన గంజాయి కమిషనుకి బెంగాలు రైతులు ఇదే చెప్పారు. తోటలోకి వచ్చి మగమొక్కలు ఏరి పీకే పనివాళ్ళని అక్కడ "గంజాయి డాక్టర్లు" అనేవారట.

"ఆడదేనండీ, రెండోది ఆడదేనండీ!" అని అల్లుడు గంతులేస్తుంటే నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. నాకు మూడోసారీ ఆడపిల్లే పుట్టినప్పుడు మా అత్తగారు ఆస్పత్రి గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు. ఆడది పుట్టాలని భూతద్దం పట్టుకుని ఎదురుచూసే చోటు ఈ భూమ్మీద ఒకటుందని ఆవిడ చూడకుండానే వెళ్ళిపోయారు.

ఒక్కమాట చెప్పాలి. ఇది చదివి ఎవరూ మన దొడ్లో వెయ్యబోకండి. మన దేశంలో 1985 చట్టం ప్రకారం గంజాయి పెంచితే పదేళ్ళదాకా కఠినశిక్ష, లక్షదాకా జరిమానా. 2021లో "ఆపరేషన్ పరివర్తన" పేరుతో విశాఖ మన్యంలో పోలీసులు వేల ఎకరాల గంజాయి నరికించారు. టీవీలో అది చూస్తూ "తగిన శాస్తి" అన్నదాన్ని నేనే. ఆ కొండమీద కూలికోసం పెంచినవాడికి జైలు, ఇక్కడ మా అల్లుడికి సరదా. మొక్క ఒకటే, పుట్టినచోటు వేరు. చట్టం తప్పని నేననను, అది పెద్దవాళ్ళ విషయం. కాని "తగిన శాస్తి" అన్నమాట మాత్రం అంత సులువుగా ఇప్పుడు నా నోట రాదు.

జనవరి నెలాఖరుకి గది గుప్పున వాసన. అల్లుడు వాసన పీల్చే బొగ్గుడబ్బా కొనడానికి తొలిసారి పద్దు దాటాడు. ఒకరోజు పొద్దున్నే తాళం తీసి చూస్తే తులసి కణుపు కణుపునా చిగుళ్ళు. కొత్తాకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పక్కనే ఆ గంజాయి మొక్క, పూలబరువుకి కొంచెం వంగి, ఎవరి జోలికీ పోకుండా నిలబడి వుంది. దానికోసం పెట్టిన దీపం కిందే ఇది బతికింది.

అప్పుడు గుర్తొచ్చాడు మా తమ్ముడు.

1984లో నా పెళ్ళి. పందిట్లో మైకులూ, సీరియల్ బల్బులూ అన్నీ వాడే కట్టాడు, పైసా పుచ్చుకోకుండా. మా ఆడబిడ్డ వాణ్ణి చూపించి "ఎవరు?" అని అడిగింది. కొత్తపెళ్ళికూతుర్ని, అత్తింటివాళ్ళ ముందు చదువుకున్నదాన్ని అనిపించుకోవాలి. "ప్రతి తులసివనంలోనూ ఒక గంజాయి మొక్క వుంటుంది కదండీ" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. నా కుర్చీ వెనకే వైరు పట్టుకుని నిలబడి వున్నాడు వాడు. వాడూ నవ్వాడు.

తర్వాత అమ్మకి పక్షవాతం వచ్చి ఆరేళ్ళు మంచంమీద వుంది. తులసిమొక్కలం ముగ్గురం డబ్బు పంపాం. ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, తలదువ్వి, అన్నం తినిపించింది వాడూ వాడి భార్యా. షాపు వెనకగదిలో అమ్మకోసం రేడియో కట్టిపెట్టాడు. ఆ ఆరేళ్ళలో ఎవరూ ఆ సామెత ఎత్తలేదు. అలాగని వెనక్కీ తీసుకోలేదు.

ఆ రోజే తెనాలికి ఫోను చేశాను.

"ఒరేయ్, నేను గంజాయి మొక్కని చూశానురా."

అవతల కాస్సేపు చప్పుడు లేదు. "ఎట్టా వుంటుందక్కా? ముళ్ళుంటాయా?" అన్నాడు.

"ముళ్ళేం లేవు. గోంగూరలా వుంటుంది."

"అంతేనా! ఇన్నాళ్ళూ ఉమ్మెత్తలాంటిదేమో అనుకున్నా. చూడ్డానికి బాగుంటుందా?"

"చాలా బాగుంటుందిరా," అన్నాను. గొంతు కొంచెం అడ్డుపడింది. "నా పెళ్ళినాడు నేను నిన్ను..."

"నీ పెళ్ళికి మైకు బ్రహ్మాండంగా పలికిందక్కా," అన్నాడు మధ్యలోనే. "ఒక్కసారి కూడా కుయ్యిమన్లేదు. గుర్తుందా?"

"గుర్తుందిరా."

"సరే, ఒక ఫొటో పంపు. షాపులో పెట్టుకుంటా."

"వద్దురా నాయనా, పోలీసులు పట్టుకుపోతారు!"

అయినా పంపాను, తులసీ అదీ పక్కపక్కన వున్న ఫొటో. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఇందులో నేను ఏదక్కా?"

చాలాసేపు ఆలోచించి, "పైన వెలుగుతున్న లైటువిరా" అని రాశాను. మైకుసెట్టువాడు కదా, అర్థమయ్యే వుంటుంది.